ఐబాన్ మనం తయారు చేసుకునేది కాదు, అడిగి తీసుకునేది

గుంటూరు బ్రాడీపేట నుంచి అడిగారు కదండీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ అబ్బాయి జర్మనీలో ఎంఎస్‌కి చేరాడు, గదికి అడ్వాన్సు కట్టాలి, ఇంటి ఓనరు పెద్దావిడ పంపిన కాగితం మీద తొమ్మిదంకెల ఖాతా నంబరు, ఎనిమిదంకెల బ్యాంకు కోడు తప్ప ఇంకేమీ లేవు. మీ బ్యాంకులో ఐబాన్, అంటే అంతర్జాతీయ ఖాతా నంబరు, లేకుండా పంపలేం అన్నారు. నెట్‌లో చూస్తే ఆ రెండు నంబర్లూ వేస్తే ఐబాన్ చేసి ఇచ్చే సైటు ఒకటి దొరికింది, దాంతో పంపేయొచ్చా అన్నది మొదటి ప్రశ్న. గది ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు వెనక్కి వేయడానికి ఆవిడ గుంటూరులో మీ ఖాతా ఐబాన్ అడుగుతోంది, మీ బ్యాంకేమో అలాంటిది మా దగ్గర లేదంటోంది, ఎవరి మాట నమ్మాలి అన్నది రెండోది.

ముందు జవాబులు చెప్పేస్తాను, తర్వాత కారణాలు. సైటు చేసి ఇచ్చిన నంబరుతో డబ్బు పంపకండి. మీ బ్యాంకు చెప్పింది నిజం, ఇండియాలో ఏ బ్యాంకు ఖాతాకీ ఐబాన్ లేదు.

నేను విజయవాడలో ఒక బ్యాంకు ఫారిన్ ఎక్స్ఛేంజ్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. ఇప్పటికీ తెలిసినవాళ్ళు పిల్లల ఫీజులకీ, మిర్చి ఎగుమతి కాగితాలకీ ఇంటికొచ్చి అడుగుతుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఇబ్బంది పడింది మీరు ఇప్పుడు నిలబడ్డ చోటే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఐబాన్ అంటే కొత్త ఖాతా నంబరేమీ కాదు. ఆ దేశంలో పాతకాలం నుంచి ఉన్న బ్యాంకు కోడు, ఖాతా నంబరు ఒక వరసలో పేర్చి, ముందు రెండక్షరాల దేశం కోడు, దాని పక్కన రెండు తనిఖీ అంకెలు తగిలిస్తే అదే ఐబాన్. మొత్తం 34 అక్షరాలు మించకూడదు. ఎన్ని ఉండాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది గానీ ఒక దేశంలో మాత్రం అన్ని ఖాతాలకీ ఒకటే పొడవు. నార్వేకి 15, జర్మనీకి 22, ఫ్రాన్స్‌కి 27, కువైట్‌కి 30. ఏ దేశానికి ఏ వరస అన్న పట్టికను, అంటే ఐబాన్ రిజిస్ట్రీని, దేశాల మధ్య బ్యాంకుల సందేశాలు నడిపే స్విఫ్ట్ సంస్థ నిర్వహిస్తుంది.

జర్మనీది చూడటానికి తేలిక. డీఈ అన్న రెండక్షరాలు, రెండు తనిఖీ అంకెలు, ఎనిమిదంకెల బ్యాంకు కోడు, పదంకెల ఖాతా నంబరు. బ్యాంకు కోడుని వాళ్ళు బాంక్‌లైట్‌సాల్ అంటారు, పొట్టిగా బీఎల్‌జెడ్. మీ కాగితం మీద ఉన్న ఎనిమిదంకెలు అవే. ఖాతా నంబరు పదంకెల కంటే తక్కువుంటే ఎడమ పక్క సున్నాలు పెట్టి పది చేస్తారు. ఆవిడ ఇచ్చిన కాగితం పాతది అయ్యుంటుంది, ఎందుకంటే 2014లోనే యూరో దేశాల్లో ఈ చెల్లింపులన్నీ ఐబాన్ మీదికి మారిపోయాయి. జర్మనీలో మామూలు జనం పాత నంబర్లిస్తే బ్యాంకే మార్చిపెట్టే వెసులుబాటు కూడా 2016 ఫిబ్రవరి 1తో అయిపోయింది. పెద్ద వయసువాళ్ళకు పాత నంబర్లే నోటికొస్తాయి, అందులో ఆవిణ్ణి అనుమానించాల్సిందేమీ లేదు.

ఇప్పుడు తనిఖీ అంకెల సంగతి. మీ టెన్షన్ తీరాలంటే దీన్ని ఒకసారి చేత్తో చేసి చూడాలి. ఆ రిజిస్ట్రీలోనే జర్మనీకి నమూనాగా ఇచ్చిన నంబరు తీసుకుందాం, ఎవరి ఖాతా నంబరూ బయటపెట్టినట్టు ఉండదు. బ్యాంకు కోడు 37040044, ఖాతా నంబరు 532013000. ఖాతా నంబరు తొమ్మిదంకెలే ఉంది, ఎడమ పక్క ఒక సున్నా పెడితే 0532013000. రెండూ కలిపి రాస్తే 370400440532013000. దీని చివర డీఈ అన్నదాన్ని అంకెల్లో రాయాలి. ఏ అంటే 10, బీ అంటే 11, అలా లెక్కపెట్టుకుంటూ పోతే డీ 13, ఈ 14. దాని వెనక తనిఖీ అంకెల స్థానంలో రెండు సున్నాలు. అంటే 370400440532013000131400. ఈ పొడుగాటి సంఖ్యని 97తో భాగించి శేషం చూడాలి, ఆ శేషాన్ని 98లోంచి తీసేస్తే వచ్చేదే తనిఖీ అంకెలు.

ఫోన్‌లో ఉండే క్యాలిక్యులేటర్‌లో ఇరవై నాలుగంకెల సంఖ్య నమ్మకంగా పట్టదు, అందుకని ముక్కలుగా చేస్తాం. మొదటి తొమ్మిదంకెలు 370400440, 97తో భాగిస్తే శేషం 23. ఆ 23 పక్కన తర్వాతి ఏడంకెలు పెడితే 235320130, శేషం 70. దాని పక్కన తర్వాతి ఏడంకెలు, 700013140, శేషం 30. మిగిలిన ఒక్క సున్నా చేరిస్తే 300, శేషం 9. 98లోంచి 9 తీస్తే 89. కాబట్టి ఐబాన్ డీఈ89 3704 0044 0532 0130 00. రిజిస్ట్రీలో ఉన్నది సరిగ్గా ఇదే. వచ్చింది ఒకటే అంకె అయితే ముందు సున్నా పెట్టి రెండంకెలు చేయాలి.

మీకు దొరికిన సైటు లోపల చేసేదీ ఇంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు. మరి లెక్క సరైనదే కదా, పంపితే ఏమవుతుంది అంటారు. అక్కడికే వస్తున్నాను.

అదే ఖాతా నంబరుకి సున్నాని ఎడమ పక్క కాకుండా పొరపాటున కుడి పక్క పెట్టారనుకోండి. 0532013000 బదులు 5320130000 అయింది. మళ్ళీ లెక్క వేయండి. మొదటి తొమ్మిదంకెలు 370400445, శేషం 28. తర్వాత 283201300, శేషం 3. తర్వాత 30013140, శేషం 79. ఆపైన 790, శేషం 14. 98లోంచి తీస్తే 84. డీఈ84 3704 0044 5320 1300 00. ఈ నంబరుని ఏ తనిఖీ పేజీలో పెట్టినా పొడవు సరిపోయింది, తనిఖీ అంకెలు సరిపోయాయి అనే చెబుతుంది. అయినా అది వేరే ఖాతా. అలాంటి ఖాతా అసలు ఉండకపోతే మీ అదృష్టం, డబ్బు వెనక్కొస్తుంది. ఉంటే ఎవరిదో.

ఇది ఒక్కటి మనసులో పెట్టుకోండి. ఆ రెండంకెలు చూసేది ఐబాన్ ఇచ్చినవాళ్ళు రాసిన దానికీ, మీరు టైపు చేసిన దానికీ మధ్య ఏదైనా జారిపోయిందా అని మాత్రమే. ఆ పని చాలా బాగా చేస్తాయి. ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు రెండు అటూ ఇటూ అయినా తప్పకుండా దొరికిపోతుంది. కానీ ఐబాన్ తయారు చేసేదే మీరైతే, మీరు వేసిన తప్పుకి కూడా సరైన తనిఖీ అంకెలు వచ్చి కూర్చుంటాయి. ఖాతా ఉన్న బ్యాంకు ఇచ్చిన ఐబాన్‌లో ఆ అంకెలు మీకు కాపలా. మీరు కట్టిన ఐబాన్‌లో ఆ కాపలా లేదు.

నాకిది పుస్తకం చదివి తెలిసింది కాదండీ. సెక్షన్‌లో చేరిన కొత్తల్లో తెనాలి దగ్గర్నుంచి ఒక రైతు వచ్చాడు, కూతురికి ఫ్రాన్స్‌లో హాస్టల్ డబ్బు కట్టాలి. కాగితం మీద పాత పద్ధతిలో బ్యాంకు కోడు, బ్రాంచి కోడు, ఖాతా నంబరు, చివర రెండంకెల కీ ఉన్నాయి. ఐబాన్ లేదు. రేపు రమ్మంటే మళ్ళీ బస్సు ఛార్జీలు, ఒక రోజు పని పోతుంది, పైగా ఆ అమ్మాయికి గడువు దగ్గరపడింది. నాకు లెక్క వచ్చు కదా అని నేనే ఐబాన్ లెక్కకట్టి ఫారం నింపాను, లెక్కలో తప్పు లేదు. తప్పు కాగితంలో ఉంది. ఆ హాస్టల్ వాళ్ళ బ్రాంచి వేరే దాంట్లో కలిసిపోయి కోడు మారింది, పాత లెటర్‌హెడ్డే ఇంకా వాడుతున్నారు. డబ్బు మూడు వారాలకు పైన తిరిగొచ్చింది, దారిలో ఉన్న బ్యాంకులు తలా కొంత కోసుకున్నాయి, యూరో రేటు తేడాలో ఇంకొంత పోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. గడువు దాటి ఆ అమ్మాయి గది మాత్రం పోయింది. అప్పట్నుంచి ఖాతా ఉన్న బ్యాంకు రాసి ఇస్తే తప్ప ఐబాన్ అన్నది నా చేత్తో కట్టలేదు, ఎవర్నీ కట్టనివ్వలేదు.

బ్యాంకులు కలిసిపోతే కోడు మారడం మనకూ కొత్త కాదు. బందరులో 1923లో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, ఏఎన్‌డీబీ అని మొదలయ్యే ఐఎఫ్‌ఎస్‌సీలు పోయి యూబీఐఎన్ అని మొదలయ్యేవి వచ్చాయి. ఇంట్లో పాత పాస్‌బుక్కు చూసి పాత కోడే రాసేవాళ్ళు ఇంకా కనిపిస్తారు. జర్మనీలోనూ అంతే, ఇరవై ఏళ్ళ నాటి కాగితం మీదున్న బీఎల్‌జెడ్ ఇవాళ చెల్లుతుందని మనం ఇక్కడ కూర్చుని అనుకోకూడదు.

జర్మనీలో ఇంకో చిక్కు కూడా ఉంది, పైకి కనపడదు. కొన్ని బ్యాంకుల్లో అసలు ఖాతా నంబరు వెనక ఉప ఖాతాకి రెండంకెలు ఉంటాయి. మామూలుగా అది 00 కాబట్టి జనం ఆ రెండు సున్నాలూ రాయరు, చెప్పరు. ఐబాన్‌లోకి మాత్రం అవి రావాలి. అలాంటి బ్యాంకు ఖాతాకి మీరు నియమం ప్రకారం అన్ని సున్నాలూ ఎడమ పక్కే పెట్టారంటే తప్పు ఐబాన్ తయారవుతుంది. అంటే ఇందాక నేను చెప్పిన నియమమే కొన్ని చోట్ల చెల్లదన్నమాట. ఏ బ్యాంకు కోడుకి ఏ మినహాయింపు అన్నది వాళ్ళ కేంద్ర బ్యాంకు బుండెస్‌బాంక్ నియమాలుగా ప్రకటిస్తుంది. బీఎల్‌జెడ్‌ల ఫైలులో ఒక్కో కోడు ఎదురుగా నియమం నంబరు ఉంటుంది. మంచి సైటైతే అవన్నీ పాటిస్తుంది, మామూలుది సున్నాలు పెట్టి లెక్క కట్టి ఇస్తుంది. మీ ముందున్నది ఏదో మీరెలా చెప్పగలరు?

కాబట్టి చేయాల్సింది చాలా సులువు. మీ అబ్బాయిని ఆవిడ దగ్గరికి పంపండి లేదా ఫోన్ చేయించండి. జర్మనీలో బ్యాంకు కార్డు మీదే, ఎక్కువగా వెనక వైపు, ఐబాన్ అచ్చేసి ఉంటుంది. నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్ మీద ఉంటుంది, ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఖాతా వివరాల్లో ఉంటుంది. ఐబాన్, బిక్ (బ్యాంకుని గుర్తించే కోడు, దీన్నే స్విఫ్ట్ కోడు అంటారు), ఖాతా ఎవరి పేరున ఉందో ఆ పేరు స్పెల్లింగుతో సహా, ఈ మూడూ రాయించుకోమనండి. అద్దె ఒప్పందం మీద ఐబాన్ రాసి సంతకం పెట్టిస్తే ఇంకా మంచిది, మీ బ్యాంకుకి ఆ ఒప్పందం ఎలాగూ చూపించాలి.

అది చేతికొచ్చాక ఇందాకటి లెక్క పనికొస్తుంది. డీఈ తర్వాత ఇరవై అంకెలు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. జర్మనీ ఐబాన్‌లో డీఈ తప్ప అక్షరం ఉండదు, కాబట్టి మధ్యలో ఇంగ్లిషు ఓ అన్నట్టు కనపడితే అది సున్నానే. తనిఖీ అంకెల తర్వాతి ఎనిమిదీ ఆ పాత కాగితం మీదున్న బ్యాంకు కోడుతో పోల్చండి. కలిస్తే సంతోషం. కలవకపోతే కంగారు పడక్కర్లేదు, బ్యాంకు కలిసిపోయి ఉండొచ్చు, కానీ ఎందుకు మారిందని అడిగి తెలుసుకున్నాకే పంపండి. తనిఖీ అంకెలు చూడటానికి మొదటి నాలుగు స్థానాలు, అంటే మన నమూనాలో అయితే డీఈ89, తీసి చివర పెట్టి డీఈని 1314గా రాసి 97తో భాగించండి, శేషం 1 రావాలి. ఇంకేదొచ్చినా ఎక్కడో రాతలో జారింది.

ఒక జాగ్రత్త, ఇది ఆఫీసుల్లో ఎక్కువ చూశాను. ఈ నంబర్లని ఎక్సెల్‌లో పెట్టకండి. పదిహేను అంకెలు దాటిన సంఖ్యని అది యథాతథంగా ఉంచదు, పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలు చేసేస్తుంది, ముందున్న సున్నాలు ఎగరగొడుతుంది. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకుంటే తప్ప నమ్మడానికి లేదు. ఆటోనగర్‌లో ఇటలీ నుంచి మెషీన్ పార్టులు తెప్పించే ఒకాయన సప్లయర్ల ఖాతాలన్నీ అలా ఒక ఫైల్లో పెట్టుకున్నాడు. ఇటలీ ఐబాన్‌లో ఐటీ తర్వాత తనిఖీ అంకెలు, ఆపైన ఒక అక్షరం వస్తాయి కాబట్టి మొత్తం ఒకే గడిలో ఉన్నవి బాగానే ఉన్నాయి, ఖాతా నంబరు విడిగా రాసుకున్న వాటికి ముందు సున్నాలు పోయాయి. నయం, పంపకముందే చూసుకున్నాం.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుంది. ఇంగ్లండుది కూడా 22, కానీ జీబీ, తనిఖీ అంకెల తర్వాత నాలుగక్షరాల బ్యాంకు కోడు, ఆరంకెల సార్ట్ కోడు, ఎనిమిదంకెల ఖాతా నంబరు. అక్కడివాళ్ళు వాళ్ళలో వాళ్ళు సార్ట్ కోడు, ఖాతా నంబరు మాత్రమే వాడతారు, ఐబాన్ అడిగితే స్టేట్‌మెంట్‌లో చూసి చెబుతారు. దుబాయ్, అబుదాబి ఖాతాలకు ఏఈ, తనిఖీ అంకెలు, మూడంకెల బ్యాంకు కోడు, పదహారంకెల ఖాతా నంబరు, మొత్తం 23. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాకి ఐబాన్ లేదు, మనకి లేనట్టే. అమెరికా ఖాతాకి ఐబాన్ చేసి ఇస్తాననే సైటు కనపడితే ఆ పేజీ మూసేయండి.

ఇక మీ రెండో ప్రశ్న. మనకి ఐబాన్ ఎందుకు లేదంటే, మన బ్యాంకులు ఆ రిజిస్ట్రీలో చేరలేదు, మన లోపలి వ్యవస్థ ఐఎఫ్‌ఎస్‌సీ మీద నడుస్తుంది. ఐఎఫ్‌ఎస్‌సీ పదకొండు అక్షరాలు, మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, చివరి ఆరు బ్రాంచివి. బయటి దేశం నుంచి మీ ఖాతాకి డబ్బు రావాలంటే కావాల్సినవి మీ పూర్తి ఖాతా నంబరు, పేరు, అడ్రసు, మీ బ్యాంకు స్విఫ్ట్ కోడు, బ్రాంచి ఐఎఫ్‌ఎస్‌సీ. స్విఫ్ట్ కోడు ఎనిమిది గానీ పదకొండు గానీ ఉంటుంది. ప్రతి బ్రాంచికీ సొంతంగా ఉండదు, బ్రాడీపేట బ్రాంచికి లేకపోతే ఏ కోడు ఇవ్వాలో వాళ్ళే చెబుతారు, నెట్‌లో వెతికి రాయకండి. గ్రామీణ బ్యాంకు, సహకార బ్యాంకు ఖాతా అయితే విదేశీ డబ్బు నేరుగా వస్తుందా రాదా అన్నది ముందే అడిగి పెట్టుకోండి.

మరి ఆవిడ ఐబాన్ తప్పనిసరి అని ఎందుకంటోంది? అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ తెరిచిన ఫారం యూరో దేశాల మధ్య పంపే సెపా ఫారం. అందులో ఐబాన్ గడి నింపకపోతే ముందుకు పోదు. ఆవిడ బ్యాంకులోనే సెపా బయటి దేశాలకు పంపే ఫారం వేరే ఉంటుంది, అందులో దేశం ఇండియా అని ఎంచుకుంటే మామూలు ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడు అడుగుతుంది. ఈ ఒక్క మాట ఆవిడకి చెబితే సమస్య తీరిపోతుంది.

ఇక్కడ మాత్రం దయచేసి సొంత తెలివి వాడకండి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక ఎగుమతి వ్యాపారికి స్పెయిన్ పార్టీ ఇలాగే ఐబాన్ అడిగింది. ఆఫీసు కుర్రాడు ఐఎన్ అని రాసి, దాని పక్కన ఐఎఫ్‌ఎస్‌సీ, దాని పక్కన ఖాతా నంబరు అతికించి మెయిల్ చేశాడు. పాపం వాడు పూర్తిగా కల్పించింది కూడా కాదు, స్విఫ్ట్ మెసేజ్‌లో ఐఎఫ్‌ఎస్‌సీ రాసేటప్పుడు ముందు ఐఎన్ అని పెట్టే పద్ధతి బ్యాంకుల మధ్య ఉంది, ఎక్కడో పాత కాపీలో చూశాడు. కానీ అది బ్యాంకు గుర్తు రాసే గడి, ఐబాన్ కాదు. అక్కడి సిస్టం ఆ దేశం కోడే మా జాబితాలో లేదని తిప్పికొట్టింది, పార్టీకి అనుమానం వచ్చింది, డబ్బు పడేదాకా వీళ్ళు కాగితాలు వదల్లేదు, సరుకేమో పోర్టుకి చేరిపోయింది. సర్దుబాటయ్యేసరికి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆయన ముఖం నాకింకా గుర్తే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకూ ఇదే మాట. కువైట్‌లోనో దోహాలోనో యాప్‌లో ఐబాన్ గడి కనపడిందంటే గ్రహీత దేశం ఇంకా అక్కడిదే ఎంచుకుని ఉంది, ఇండియాకి మార్చండి, ఐఎఫ్‌ఎస్‌సీ గడి వస్తుంది.

అయితే మీ విషయంలో నేనైతే ఇంత దూరం రాను. మీ అబ్బాయికి అక్కడ ఖాతా ఉంటుంది కదా? వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్ తెరిచే ఉంటారు, అందులోంచి నెలనెలా వచ్చే డబ్బు పడటానికి మామూలు ఖాతా ఒకటి పెట్టుకునే ఉంటాడు. దానికి ఐబాన్ ఉంది, వాడి పేరునే ఉంది, వాడి ఫోన్‌లోనే కనిపిస్తుంది. మీరు గుంటూరు నుంచి వాడి ఖాతాకే పంపండి, ఓనరుకి వాడు అక్కణ్ణుంచి వేస్తాడు. రెండూ జర్మనీ ఖాతాలే కాబట్టి ఖర్చు దాదాపు ఉండదు, ఒకటి రెండు రోజుల్లో చేరిపోతుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటి ఉంది. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల్లో బ్యాంకులు ఐబాన్‌కీ, రాసిన పేరుకీ పొంతన ఉందో లేదో పంపకముందే చూసి చెప్పాలి. మీ అబ్బాయి వేస్తే ఆవిడ పేరు కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది. మీరు ఇక్కణ్ణుంచి పంపితే ఆ సౌకర్యం లేదు, చాలాచోట్ల నంబరు చూసి జమ చేసేస్తారు. ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు కూడా వాడి జర్మనీ ఖాతాకే వేయమనండి, మీ ఖాతా గొడవే ఉండదు. వాడు చదువు అయ్యి వచ్చేసే నెలలోనే ఖాళీ చేస్తుంటే మాత్రం ఆ డబ్బు వచ్చేదాకా అక్కడి ఖాతా మూయకూడదు, పిల్లలు విమానం ఎక్కే తొందరలో ముందు ఖాతా మూసేసి తర్వాత అడ్వాన్సు కోసం ఏడాది తిరుగుతారు. వాళ్ళు లెక్కలు తేల్చి ఇవ్వడానికి కొన్ని నెలలు పట్టడం అక్కడ మామూలే.

అడ్వాన్సు ఎంత అడిగారో మీరు రాయలేదు. జర్మనీ చట్టం ప్రకారం హీటింగ్, నీళ్ళు లాంటివి కలపని అద్దెకి మూడు నెలలు మించి అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవాడికి ఉంది. ఇల్లు చూపించకుండా, తాళం పోస్టులో పంపిస్తాను ముందు డబ్బు వేయండి అంటే ఐబాన్ ఎంత సరిగ్గా ఉన్నా పంపొద్దు. మీ అబ్బాయి ఆవిణ్ణి కలిశాడని రాశారు కాబట్టి నాకు ఆ భయం లేదు, కానీ ఇది చదివే మిగతా తల్లిదండ్రులు గమనించండి. ఓనరు జర్మనీలో ఉండి ఐబాన్ ఇంకో దేశం కోడుతో మొదలైనా ఒక్కసారి ఆగాలి. ఎల్‌టీ అంటే లిథువేనియా, ఆన్‌లైన్ కంపెనీల ఖాతాలు నిజంగానే అలా ఉంటాయి, దాన్ని బట్టే మోసం అనలేం. మాటల్లో ఒక బ్యాంకు చెప్పి, తర్వాత మెయిల్లో మా ఖాతా మారింది అని ఇంకో ఐబాన్ వస్తే మాత్రం, ఆ మెయిల్‌కి జవాబివ్వకుండా ముందు నుంచి మీ దగ్గరున్న ఫోన్ నంబరుకి చేసి అడగండి.

బ్యాంకుకి వెళ్ళేటప్పుడు పాన్ కార్డు, బాబు పాస్‌పోర్టు, వీసా, యూనివర్సిటీ అడ్మిషన్ లెటరు, అద్దె ఒప్పందం తీసుకెళ్ళండి. విదేశాలకు డబ్బు పంపే ఫారం ఏ2 నింపుతారు, చదువు ఖర్చు కింద ఎస్0305 అనే పర్పస్ కోడు ఉంది, హాస్టల్ ఖర్చు కూడా అందులోకే వస్తుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కాబట్టి మీకు పరిమితి అడ్డు రాదు. ఛార్జీల దగ్గర ఔర్, షా, బెన్ అని మూడు ఉంటాయి. ఔర్ పెడితే ఛార్జీలన్నీ మీరే భరిస్తారు, షా అయితే చెరి కొంత, బెన్ అయితే అంతా అందుకునేవాళ్ళ మీద పడుతుంది. ఓనరుకి నేరుగా పంపాల్సి వస్తే ఔర్ పెట్టండి, అడ్వాన్సులో ఇరవై యూరోలు తగ్గితే ఆవిడ తక్కువ కట్టారనే అంటుంది. అబ్బాయి ఖాతాకైతే షా చాలు.

ఫారంలో ఐబాన్ ఖాళీలు లేకుండా ఒకే వరసగా రాయాలి, నాలుగేసి అంకెల చొప్పున విడదీయడం కాగితం మీద మన కంటికోసం. కౌంటర్లో అమ్మాయి టైపు చేశాక ప్రింటు ఇస్తుంది, సంతకం పెట్టేముందు వెనక నుంచి ముందుకి చదివి పోల్చండి. ముందు నుంచి చదివితే కన్ను అలవాటు మీద జారిపోతుంది, వెనక నుంచి అయితే ప్రతి అంకె దగ్గరా ఆగుతుంది. డబ్బు వెళ్ళాక స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకోండి. అందులో యూఈటీఆర్ అని 36 అక్షరాల నంబరు ఉంటుంది, డబ్బు దారిలో ఎక్కడాగిందో దాన్ని బట్టే వెతుకుతారు. నాలుగైదు పనిదినాలు దాటినా చేరకపోతే అది పట్టుకుని వెళ్ళండి.

ఆవిడ దగ్గర్నుంచి ఐబాన్ వచ్చాక పాత కాగితంతో పోల్చి చూసి, బ్యాంకు కోడు దగ్గర గానీ సున్నాల దగ్గర గానీ తేడా కనపడితే పంపకముందే ఇక్కడ రాయండి, చూసి చెబుతాను. ఖాతా నంబరు మొత్తం పెట్టకండి, ఎనిమిదంకెల బ్యాంకు కోడు, ఖాతా నంబరులో ఎన్ని అంకెలున్నాయన్న లెక్క చాలు నాకు.